నడిమి గాడి

...లేకపోతే ఇది యంత్రం చేసే తప్పు కాదేమో, ఎవరో మనిషి అలవాటేమో. పాడైన యంత్రం వారం వర్జ్యం చూసుకోదు. మంగళవారం, గురువారం మాత్రమే వచ్చి, అదీ మధ్యాహ్నం మూడూ పది దాటాక వచ్చి, నాలుగు కొట్టేలోపే వెళ్ళిపోయే రొదను యంత్రమని ఎలా నమ్మడం? యంత్రాలకు తీరిక వేళలుండవు. అన్నాలయ్యాయి, గిన్నెలు కడగడం అయింది, చెయ్యి తుడుచుకుని కూర్చోవడానికి ఇప్పటికి కుదిరింది అనుకునే ప్రాణి ఏదో ఈ రొద వెనక ఉంది. దొంగను పట్టుకుందామని బయల్దేరినవాడికి దొంగ గిన్నెలు కడుగుతూ కనిపిస్తే ఏం చెయ్యాలి?

"సాబ్, చాయ్ చల్లారిపోతన్నాది."

భూషణం ఉలిక్కిపడి తలెత్తాడు. పోర్ట్ బ్లెయిర్ శివారు సిప్పీఘాట్‌లో రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం. ఎదురు బెంచీ మీద డెబ్బై ఒక్క ఏళ్ళ సంఘపెద్ద సత్యవేదం రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని బడిలో పిల్లాడిలా కూర్చున్నాడు. గోడ గడియారం రెండూ ముప్పై ఐదు చూపిస్తోంది. తేదీ జూలై నాలుగు, గురువారం, 2019.

భూషణం డెలానీపూర్‌లోని తరంగాల పర్యవేక్షణ ఆఫీసులో పరిశోధకుడు. గాలిలో ఎవరి మాటకు ఎవరు అడ్డొస్తున్నారో వెతికి పట్టుకోవడం అతని పని. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. హాడో క్వార్టర్లో ఒంటరిగా ఉంటాడు. ఇంట్లో మాటకు అడ్డొచ్చేవాళ్ళెవరూ లేరు.

ఈసారి చిక్కు ఇది. ఉపగ్రహం ఒకటే అయినా దీవులన్నిటి మీదా ఒకే వెలుగులా పడదు. పక్కపక్కన పరిచిన పళ్ళేల్లా విడివిడి వలయాలుగా పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ ఒక వలయం, దక్షిణాన ఉన్న దీవి దాని పక్క వలయం. అందరికీ చాలినన్ని ఫ్రీక్వెన్సీలు లేవు కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీని రెండు వలయాలకూ ఇస్తారు. ఒకరి అల ఒక వాటంగా ఊగితే, రెండోవారిది దానికి అడ్డంగా ఊగేలా సర్దుతారు. భూషణం తండ్రి ఈ దీవులకు వచ్చిన కొత్తలో ఒకే బారక్ గదిలో నడుమ దుప్పటి కట్టి రెండు కాపురాలు పెట్టించారట. దుప్పటి జారనంతసేపూ ఎవరి గుట్టు వారిదే. ఇప్పుడెక్కడో దుప్పటి జారింది.

జారడం వల్ల దక్షిణపు దీవిలోని చిన్న డిస్పెన్సరీకి మాట తెగిపోతోంది. పోయిన మంగళవారం మూడూ పద్దెనిమిదికి, గుండెనొప్పితో వచ్చిన ఒకాయనకు ఏ మందు ఎంత వెయ్యాలో ఇక్కడి డాక్టరు చెబుతుండగా, సగంలో రొద కమ్మేసింది. అక్కడి నర్సు తన తెలివితో మనిషిని దక్కించుకుంది. ప్రతిసారీ అలా దక్కుతాడని లేదు.

ఆ ఫ్రీక్వెన్సీ వాడే డిష్షులు ఈ వలయంలో పద్నాలుగున్నాయి. రెండు రోజులు వేళలు సరిచూసి పదమూడింటిని కొట్టేశాడు. మిగిలింది ఈ మందిరం కప్పు మీదది.

"జూన్ నాలుగున ఇక్కడేం జరిగింది?" అని హిందీలోనే అడిగాడు. ఆఫీసు పని మీద ఉన్నంతసేపూ అతను హిందీ దాటడు. "రొద మొదలైంది ఆ రోజే."

ముసలాయన కూడా మర్యాదకు హిందీలోనే మొదలెట్టి నాలుగు మాటలకే జారిపోయాడు. "హాఁ సాబ్... ముందురోజు హవా బహుత్ వొచ్చింది. రేకులు రెండు లేచిపోనాయి. డిష్ మూతి తిరిగిపోనాది. ఆ పొద్దుట నేనెక్కి సరిచేసీసాను."

"ఈ వయసులో మీరే ఎక్కారా?"

"హాడో జెట్టీలో ముప్పై రెండేళ్ళు క్రేన్ తోలాను సాబ్. నాకు ఎత్తన్నా నేలన్నా ఒకటే." ఆయన నవ్వి, మళ్ళీ అదుపు చేసుకున్నాడు. "మీ పేరు భూషణం గారన్నారు. మనోళ్ళేనా?"

"హాఁ" అని భూషణం నోట్‌బుక్‌లోకి తలదించాడు. "మూడూ పదికి ఈ డిష్ ఎవరు వాడతారు?"

"మా ఆవిడ. జ్ఞానవతి. బడి చెప్పుద్ది."

"ఎవరికి?"

"దచ్చిణం దీవిలో మన తెలుగోళ్ళు ఆరిళ్ళున్నారు సాబ్. మాటాడతారు, పాటలు పాడతారు. చదవడం మాత్రం రాదు. ఆరాధనలో పుస్తకం తిరగేసి పట్టుకుంటారు పాపం. మంగళారం, గురువారం ఈవిడ వీడియోలో అచ్చరాలు దిద్దిస్తాది. యాభై ఐదేళ్ళ యర్రమ్మ ఈమజ్జనే ‘క’ గుణింతంలోకొచ్చింది."

బయట జీపు ఆగిన చప్పుడైంది. ఎవరొచ్చారో భూషణానికి చూడకుండానే తెలిసింది. అలా బ్రేకు తొక్కేది ఒక్కడే.

దక్షిణామూర్తి ఉపగ్రహ సర్వీసు నడిపే కంపెనీలో భద్రతాధికారి. రాజమండ్రి మనిషి. దీవులకొచ్చి రెండేళ్ళయింది. చేతిలో టైపు చేసిన కాగితం ఊపుతూ లోపలికొచ్చాడు.

"ఏవండీ భూషణం గారూ, టీలు తాగుతున్నారా? నేరస్థుడి ఇంట్లో టీ బాగుంటుందంటారు."

"నేరమని ఇంకా తేలలేదు" అన్నాడు భూషణం హిందీలో.

"అబ్బ, తెలుగులో చెప్పండి మాస్టారూ. ఓ, మర్చిపోయాను." దక్షిణామూర్తి సత్యవేదం వైపు తిరిగాడు. "నేనొచ్చిన కొత్తలో మీటింగులో ఈయన లేచి, ‘నిన్న నేను ఛుట్టీ మే ఉన్నాను, పానీ బహుత్ పడింది’ అన్నారు. మీరు హిందీలోనే కానివ్వండి సార్, తెలుగుకి నొప్పెడుతుంది అన్నాను. పాపం అప్పట్నుంచీ మాట మీద నిలబడ్డారు."

ఆ రోజు గదిలో పన్నెండుమంది నవ్వారు. ఎవరెంత నవ్వారో కూడా భూషణానికి ఇప్పటికీ గుర్తు. అమ్మతో మాట్లాడిన భాష అదొక్కటే. ఆమె పోయాక దాన్ని పెట్టెలో చీరలా మడిచి పెట్టుకున్నాడు. ఆ మీటింగు తర్వాత పెట్టెకు తాళం వేశాడు.

"ఇదిగో ఫిర్యాదు" అన్నాడు దక్షిణామూర్తి. "మే నెలలో ఈ పెద్దమనిషి పిటిషన్ పెట్టాడు. దక్షిణం వైపు ఎక్కువ స్పీడిచ్చారు, మాకు తక్కువిచ్చారని. మేం కుదరదన్నాం. జూన్ నాలుగు నుంచి దక్షిణానికి రొద మొదలైంది. కోపం, అవకాశం, తేదీ మూడూ కుదిరాయి. ఐదింటికి ఇది స్టేషన్లో ఇస్తున్నాను. ప్రాణాలకు ముప్పు తెచ్చే జోక్యం అని రాశాను. డిష్ తీసుకుపోతారు, మనిషిని కూడా."

"నేనా?" అన్నాడు సత్యవేదం. "ఆ డిస్పెన్సరీలో నా మనవరాలు పుట్టింది బాబూ."

పక్కగది తలుపు దగ్గర జ్ఞానవతి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. సన్నగా, పొట్టిగా, చేతిలో పలక పట్టుకుని ఉంది. ఆమె చూపు దక్షిణామూర్తి మీద లేదు, భర్త మీదా లేదు. భూషణాన్నే చూస్తోంది.

"మూడూ పది అవుతన్నాది" అందామె. "బడి పెట్టుకోనా, వొద్దా?"

"పెట్టండి. అదే కావాలి" అన్నాడు భూషణం, ఫోన్ తీసి ఆఫీసులో డ్యూటీలో ఉన్న మేరిని లైన్లో పెట్టుకుంటూ. ఆ అమ్మాయి ముందున్న తెర మీద రెండు వలయాలూ కనిపిస్తాయి.

మూడూ పన్నెండుకి కంప్యూటర్లో ఆరేడు ముఖాలు తేలాయి. "దీదీ, నమస్తే!" అని ఒక గొంతు, "దీదీ కాదే, అమ్మగారు అనాల" అని ఇంకో గొంతు. జ్ఞానవతి పలక మీద రాసి ఎత్తి చూపించింది.

"సార్, వచ్చింది" అంది మేరి ఫోన్లో, హిందీలోనే. "దక్షిణం వలయంలో రొద."

"ఒక్క నిమిషం ఆపండి" అన్నాడు భూషణం హిందీలోనే.

ఆమె ఆపింది. "పోయింది సార్." మళ్ళీ మొదలెట్టించాడు. "వచ్చింది." ఇంకోసారి ఆపించాడు. "పోయింది." మూడుసార్లు చూశాక సందేహానికి చోటు మిగల్లేదు. జ్ఞానవతి తన పలక ఎత్తినప్పుడల్లా సముద్రమవతల డాక్టరు మాట మునిగిపోతోంది.

"చాలా?" అన్నాడు దక్షిణామూర్తి. "దొరికాడుగా."

"దొరికింది డిష్షు. మనిషి కాదు." భూషణం నిచ్చెన అడిగాడు.

కప్పు మీద రేకులు ఎండకు కాలుతున్నాయి. డిష్ గురి సరిగ్గానే ఉంది. క్రేన్ నడిపిన చెయ్యి, వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించింది. డిష్‌కు ఎదురుగా చెయ్యిలా చాచిన కడ్డీ చివర ఫీడ్ గొట్టం ఉంది. అల ఏ వాటంగా ఊగాలో తేల్చేది అదే. దాని మెడ చుట్టూ ఇనుప పట్టీ, పట్టీకి మూడు గాడులు. ఎడమది, నడిమిది, కుడిది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏ డిష్‌కైనా కుడి గాడే. ఇక్కడ గొట్టం నడిమి గాడిలో బిగించి ఉంది.

అందుకే. నలభై డిగ్రీలు తేడా. వీళ్ళ బడి నడవడానికి బలం చాలుతుంది, అందుకే వీళ్ళకేమీ తెలియలేదు. మిగతా బలమంతా దుప్పటి కిందనుంచి పక్క కాపురంలోకి పారుతోంది. వీడియో నడిచేటప్పుడు మరీ ఎక్కువ. కసితో పాడుచెయ్యాలనుకున్నవాడు దేన్నో వంకరగా పెడతాడు. ఇది నిట్టనిలువుగా, శ్రద్ధగా, తుప్పు పట్టకుండా గ్రీజు కూడా రాసి పెట్టి ఉంది.

"సత్యవేదం గారూ" కప్పు మీదనుంచే కేకేశాడు. "దీన్ని నడిమి గాడిలో ఎందుకు పెట్టారు?"

"మీ ఆఫీసోళ్ళే చెప్పారు సాబ్!" ముసలాయన కింద నించి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. "ఫోన్ చేసి అడిగాం. మూడు గాడులున్నాయి, దేంట్లో పెట్టాలని. సీదా వాలే మే డాలో, సీదాదాంట్లో పెట్టు, అన్నారంట. సీదాగా ఉన్నది నడిమిదే గదా. జెట్టీలో మాకు కుడికి దాయా, ఎడమకి బాయా, తిన్ననిదానికి సీదా. క్రేనుకి సీదా అంటే సీదాయే."

భూషణం చెయ్యి గొట్టం మీదే ఉండిపోయింది.

సీదా. తెలుగువాడికి ఎక్కడైనా తిన్ననిదే. కానీ ఉత్తరాది హిందీలో దానికింకో అర్థముంది. సీధా హాథ్ అంటే కుడి చెయ్యి. చిన్నప్పుడు హాడో స్కూల్లో అలహాబాదు మాస్టారు భూషణాన్ని ఆ మాట మీదే కొట్టేవాడు, ఎడమ చేత్తో రాస్తున్నాడని. సీధే హాథ్ సే! సీధే హాథ్ సే! దీవుల్లో హిందీ మాట్లాడే నూరుమందిలో కుడిని ‘సీధా’ అనేవాళ్ళు ఎందరో అతనికి తెలియదు. తమ ఆఫీసులో మాత్రం ఒక్కడే ఉన్నాడు.

జూన్ నాలుగు, పదకొండూ ఇరవై. గాలివాన మర్నాడు. ఫోన్ మీద ఫోన్. లైన్లో ఎవరో ఆడమనిషి తడబడుతూ హిందీ. తను తొందరగా, సీధే వాలే మే డాలియే, అని. ఇద్దరూ తెలుగువాళ్ళే. కుడి అన్న రెండక్షరాలు ఇద్దరికీ ఉగ్గుపాలతో వచ్చినవే. ఆఫీసు కదా అని ఆమె హిందీలో అడిగింది. ఆఫీసు కదా అని తను హిందీలో చెప్పాడు.

మరలు వదులు చేసి గొట్టాన్ని కుడి గాడిలోకి తిప్పి బిగించాడు. జ్ఞానవతి బడి మళ్ళీ మొదలెట్టింది.

"క్లియర్ సార్" అంది మేరి. "రెండూ నడుస్తున్నాయి. డిస్పెన్సరీ నర్సు ఇందాకట్నుంచి లైన్లోనే ఉంది సార్, థాంక్స్ చెప్పమంటోంది."

కిందికి దిగేసరికి దక్షిణామూర్తి నిచ్చెన కాలి దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"ఎవడో చెప్పాడంట. ఎవడు? పేరేంటి?"

"పేరడగలేదు బాబూ" అన్నాడు సత్యవేదం. "హిందీ ఆయన."

"చూశారా? మీ ఆఫీసులో అంతా హిందీయే. వెతుక్కోమనండి." దక్షిణామూర్తి భూషణం వైపు తిరిగాడు. "మీ ఆఫీసు ఫోన్లు రికార్డవుతాయి కదా? ఉంటే చూపించండి, ఫిర్యాదు ఇక్కడే చింపేస్తాను. నాకేం ఈ ముసలాయన మీద పగా?"

"ముప్పై రోజులు ఉంటాయి" అన్నాడు భూషణం.

"నెల క్రితం మాట. పోయుంటుంది. సరే, ఐదింటికి స్టేషన్లో కలుద్దాం."

పోలేదు. జూన్‌కు ముప్పై రోజులు. ముప్ఫయ్యో రోజు సాయంత్రం ఐదింటికి కంప్యూటర్ తనంతట తనే తుడుస్తుంది. ఆ రోజు ఇవాళే. ఇంకా అరగంటకు పైగా బతికే ఉంటుంది ఆ మాట. కానీ అతను నోరు విప్పలేదు. అబద్ధమూ ఆడలేదు. ముప్పై రోజులు ఉంటాయి అన్నాడు, అది నిజమే. ఇరవై ఏళ్ళ పరిశోధనలో ఎందరి నోటో విన్నాడు ఈ తరహా నిజాన్ని. దాని రుచి ఇలా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

దక్షిణామూర్తి జీపు దగ్గరకు వెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. సత్యవేదం లోపలికెళ్ళి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. స్టేషన్‌కు వెళ్ళాలి గదా అన్నట్టు, ఒక్కొక్క బొత్తామే పెట్టుకుంటున్నాడు. పై బొత్తాం చేతికి చిక్కడం లేదు. భూషణం చూడలేక వెనక వంటగది వైపు నడిచాడు.

బడి ముగించి జ్ఞానవతి అక్కడే ఉంది. చెప్పకుండానే గ్లాసులో టీ పోసి ఇచ్చింది. ముక్కాలి పీట జరిపింది.

"కూకోండి బాబూ. ఎండలో ఎక్కి దిగారు."

అతను కూర్చున్నాడు. గోడ మీద గడియారం నాలుగూ ముప్పై ఎనిమిది.

"ఆ రోజు ఫోను నా చేతిలోనే ఉన్నాది" అందామె, స్టవ్ తుడుస్తూ. "ఆయన కప్పు మీద. ఆఫీసాయన సెప్పిందల్లా నేను కిందనుంచి అరిసి సెప్పాను. సీదా అంట, సీదా అంట అని. తప్పుంటే అందులో నా వాటా ఉన్నాది."

భూషణం గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఫోను పెట్టీసేముందు ఆయనకి సెప్పాను, ముసిలాయన పైనున్నారు సాబ్, నాకు బయ్యంగా ఉంది అని. అదీ హిందీలోనే సెప్పాను. దానికాయన..." ఆమె తుడవడం ఆపింది. "‘జాగర్తమ్మా’ అన్నారు. ఆ ఒక్క మాటా తెలుగులో. ఆయనకి తెలీకుండానే అనీసినట్టున్నారు. వెంటనే దగ్గి లైను పెట్టీసారు. ఆఫీసు ఫోన్లో జాగర్తమ్మా అన్న మనిసి నాకు ఈ వయసుకి ఇంకొకరు దొరకలేదు. ఆ గొంతు మరిసిపోతానా?"

టీలో మీగడ ముడుచుకుంటోంది. అతను దాన్నే చూస్తున్నాడు.

"ఇందాక మీరు గుమ్మంలోకొచ్చి మాటాడగానే పోల్చుకున్నాను" అంది జ్ఞానవతి. "ఆయనకి సెప్పలేదు. ఆ జీపాయనకీ సెప్పను. మాదేం ఉంది, అయిపోయిన పేణాలు. నాలుగు రోజులు తిరగమంటారు, తిరుగుతాం. మీకింకా సర్వీసున్నాది. తినండి, ఆ బిస్కెట్టు తినండి."

ఇన్నేళ్ళూ అతను దోషుల ముఖాలు చూశాడు. దోషిని దాచేవాళ్ళ ముఖాలూ చూశాడు. భయంతో దాస్తారు, ఆశతో దాస్తారు. దాచినందుకు బదులేమీ అడగకుండా బిస్కెట్టు జరిపే ముఖం ఇంతవరకూ ఏ కేసులోనూ తగల్లేదు. పక్కగదిలో సత్యవేదం, "జ్ఞానం, నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావే?" అని అడుగుతున్నాడు. "ఆడ కాయితాలేవో సదవమంటారేమో."

నాలుగూ నలభై ఆరు.

భూషణం గ్లాసు కింద పెట్టాడు. ఫోన్ తీసి మేరికి కలిపాడు. అటునుంచి "జీ సార్" అంది. మొదటి మాట బయటికి రావడానికి, ఎప్పుడో మూసిన తలుపును భుజంతో నెట్టినంత బలం కావలసివచ్చింది.

"మేరీ, జూన్ నాలుగు, పదకొండూ ఇరవై కాల్. ఐదింటికి అది పోతుంది. పోనియ్యకు. తీసి వేరే పెట్టు. ఒక కాపీ దక్షిణామూర్తి గారికి పంపు. ఇప్పుడే."



"సార్... మీకు తెలుగొచ్చా?" అంది మేరి తెలుగులో. గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లదైపోయింది. "మూడేళ్ళుగా నేను... మా ఇంట్లో కూడా..."

"వొచ్చు. పంపించావా?"

"తీస్తున్నాను సార్. ఆఁ, దొరికింది. రిజిస్టర్లో మాట్లాడిన అధికారి ఎవరని రాయమంటారు?"

స్టవ్ దగ్గర జ్ఞానవతి తల అడ్డంగా ఊపుతోంది, వద్దు బాబూ అన్నట్టు. అతను ఆమె కళ్ళలోకి చూస్తూనే తన పేరు చెప్పాడు.